యజమానికి ఏడు, లోకానికి సున్నా

తెల్లవారుజాము మూడుంబావుకి,
డండీ రేవులో సముద్రపు కాకులు కూడా నోరు మూసుకున్నాక
మా సర్వర్‌లో ఒకడు లేస్తాడు.
జనాభా లెక్కలవాడు.
రూట్ పేరుతో తిరుగుతాడు కనక
ప్రతి గదికీ వాడి దగ్గర తాళంచెవి ఉంది.
ఏ ఉత్తరమూ చదవడు.
కవరు మీది పేరు మాత్రం రాసుకుని
తలుపు చప్పుడు కాకుండా మూసి
పక్క గదికి వెళ్తాడు.
నాలుగు కొట్టేలోపు
నలభై లక్షల పేర్ల చిట్టా
అందరూ నడిచే వరండాలో పెట్టి పడుకుంటాడు.

పన్నెండేళ్లుగా ఇదే.
ఎవరికీ ఏమీ కాలేదు.

మార్చిలో ఒక మంగళవారం, టే నది పొగమంచు
రైలు వంతెనను సగానికి మింగేసిన పొద్దున
మోరగ్ గెడ్డెస్ తన పాత జనపమిల్లు ఫోటోల కోసం
తన ఇంటిపేరే కొట్టి వెతికింది.
ఫోటోలు దొరికాయి.
వాటి కింద ఇంకో వరస:
సిబ్బంది విభాగం, జూన్, తగ్గింపులు, గెడ్డెస్.

తెరవబోయింది.
అనుమతి లేదు, అంది యంత్రం. మర్యాదగానే అంది.

నా గదికి వచ్చింది. తడి కోటు విప్పలేదు.
ఇక్కడ అందరికీ నేను సూ.
ఈమె ఒక్కతే నేర్చుకుంది, సువర్చల, నాలుగక్షరాలూ.
"అందులో ఏముంది, సువర్చలా?"

ఆ ఫోల్డర్ నేను కట్టిందే.
యజమానికి ఏడు. జట్టుకి సున్నా. లోకానికి సున్నా.
గోడ గట్టిదే.
తాళం వేసి గొళ్ళెం మరిచాను:
సరుకు దాచి, సరుకు పేరు
నోట్లో నువ్వుగింజ నానని చిట్టాకి అప్పగించాను.

నేను చూడొచ్చు.
ఒక్క మాట కొడితే చాలు, ఎందుకని అడగదు యంత్రం.
చదవడానికి నాలుగు, రాయడానికి రెండు,
లోపలికి అడుగు పెట్టడానికి ఒకటి.
తగునా అనేదానికి అంకె లేదు.

"తెలీదు" అన్నాను.
ఆ నిమిషానికి నిజమే.
"పేరైతే నాదే కదా" అంది.
ఫ్యాన్ల హోరు వింటూ కూర్చున్నాం.
బల్ల మీది బిస్కెట్ డబ్బా నా వైపు జరిపింది,
తినమని.
డబ్బా నాదే.

సాయంత్రం సరిచేశాను. పది నిమిషాల పని.
చిట్టాని వరండాలోంచి తీసి లోపల పెట్టాను.
ఇక అది, అడిగినవాళ్ల చేతిలో ఏ తాళాలున్నాయో చూసి
వాళ్లు వెళ్లగల గదుల పేర్లే చెబుతుంది.
టికెట్‌లో రాశాను: లోపం సవరించబడింది.

ఫైలు తెరవలేదు.
లాగ్ మాత్రం, చూడకూడదనుకుంటూనే, చూశాను.
బుధవారం, తొమ్మిదీ రెండు: గెడ్డెస్.
ఫోటోలు నూటపదకొండు. ఇంకేం లేదు.
తొమ్మిదీ మూడు: గెడ్డెస్, జూన్.
ఏం లేదు.
మళ్లీ, అన్నీ చిన్న అక్షరాలతో.
మళ్లీ, ఒక అక్షరం తప్పుగా,
చేతులు వణికాయో, కావాలనో.

ఆ రాత్రి మూడుంబావుకి వాడు లేచాడు.
అదే గది, అదే కవరు.
పేరు రాసుకుని
తలుపు మూశాడు.