ఏ గడిలో రాయను

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఆ మాట అన్నవాళ్ళు
ఎండిన కొయ్యకు ఆరు తీగలు బిగించి
ఒక్క చలికాలమైనా చూసి ఉండరు.
వంగుతుంది.
అదను దొరికితే చాలు, వంగుతుంది.
ముప్పై ఏళ్ళుగా ఆ వంపుతోనే నా బేరం.

అందుకే గిటార్ మెడల ఆర్డరు కాగితం మీద
గళ్ళు తక్కువ పెట్టాను.
మేపుల్ ఉంది.
మహోగని పదకొండు పలకలున్నాయి,
అయిపోతే మళ్ళీ అడగొద్దు.
వెంగే ఉంది. దాని పేడు వేలిలో దిగిందంటే
వారం దాకా పలకరిస్తూనే ఉంటుంది.
రోజ్‌వుడ్ ఇస్తాను గాని
సరిహద్దు దాటాలంటే
గిటారుకన్నా దాని కాగితాలే బరువు.
కాల్చిన మేపుల్ పాకం రంగులో బాగుంటుంది,
మర మేకు తొందరపడి తిప్పారో, టక్‌మంటుంది.
పక్షికన్ను చుక్కలు కావాలంటారు కుర్రాళ్ళు.
సోకు ఎక్కువైన పలక మెలి తిరుగుతుంది,
దానికి పూచీ లేదు.
వెడల్పు నాలుగంగుళాలు దాటదు.
నా రంపం అంతే. నేనూ అంతే.

మార్చి రెండో వారం.
క్యుబెక్‌లో మంచు ఇంకా గడప దాటి పోలేదు.
రొజేర్ గాన్యే వచ్చాడు,
చంకలో దుప్పటి చుట్టిన పలక,
దొంగసరుకు తెచ్చినట్టు అటూ ఇటూ చూస్తూ.
"ఓదీల్, దీన్ని ఏ గడిలో రాస్తావు?"

మేపులే. వాళ్ళ తోటలోదే.
వాళ్ళ అత్త జెర్మెన్
ప్రతి వసంతం తొలిచి డబ్బా తగిలించిన చెట్టు.
గాలికి పడిందట, కిందటేడు కాదు, అంతకు ముందేడు.
కన్నాలన్నీ చెట్టే పూడ్చుకుంది,
పూడ్చిన చోటల్లా గోధుమరంగు మరక
నాలుకలా పైకీ కిందికీ సాగింది.

"కన్నమున్న కొయ్య మెడకు పనికిరాదు, రొజేర్."
"పాకానికి పనికొచ్చింది కదా."
"పాకాన్ని ఎవరూ తీగలేసి లాగరు."

అయినా టేపు తీశాను.
కన్నం నుంచి కన్నానికి
పదిహేడున్నర అంగుళాల శుభ్రమైన నార.
పెద్ద కొలతకు అంగుళం తక్కువ.
ఆ మాటే చెప్పాను.
ఆయన పలక వైపు చూడలేదు,
తన చేతుల వైపు చూసుకున్నాడు.
కణుపులు ఉబ్బిన వేళ్ళు.
మొదటి మెట్టు దగ్గరికి చిటికెన వేలు
సాగడం మానేసి రెండేళ్ళయిందని
ఊళ్ళో ఎవరికీ చెప్పలేదట.
"చిన్న కొలతైతే?" అన్నాడు, నేల కేసి.

చిన్న కొలతైతే సరిపోతుంది.
ఒక కన్నం మడమ అవతల కోతలో పోతుంది.
రెండోది తలలోకి వస్తుంది,
మూడో బిరడాకూ నాలుగో బిరడాకూ నడుమ.
అక్కడ లాగుడు తక్కువ,
చెవి మెలిపెడితే ఓర్చుకోవడమే పని.

తేమ తొమ్మిది శాతం. నాకు ఏడు కావాలి.
కొసలకు మైనం పూసి, పెన్సిల్‌తో తేదీ వేసి,
పొయ్యికి దూరంగా గోడవార నిలబెట్టాను.
"ఆకు రాలే దాకా రావొద్దు" అన్నాను.
ప్రతి శుక్రవారం వస్తున్నాడు.

కాగితం మీద కొత్త గడి గీశాను,
పేరు పెట్టలేదు.
పూచీ దగ్గర 'లేదు' అని రాశాను.
బయానా కింద ఒక డబ్బా పాకం.

నిన్న రాత్రి పొయ్యి ఆరాక
గోడవార నుంచి టిక్కుమని చప్పుడు.
దీపం పట్టుకుని లేచి వెళ్ళాను.
వేలితో పొడుగునా తడిమాను.
పగులు లేదు.
సర్దుకుంటోంది, అంతే.
చాలాసేపు అక్కడే నిలబడ్డాను, కాళ్ళకు చెప్పుల్లేకుండా.