నీడో డబ్బా

పాలపొడి అయిపోయి నాలుగేండ్లయింది.
డబ్బా మాత్రం ఉన్నది,
అజ్మాన్ సనయ్యాల, పద్నాలుగో నంబరు రూముల,
నా మంచం తలాపున.
మూత తీస్తే ఇప్పటికీ సన్నగ పాల వాసన,
దాని మీద మందుల చేదు.

తొమ్మిది మందిమి ఉంటం.
సెలవు మీద ఊరికి పోయొచ్చినోడు మామిడి తొక్కు తెస్తడు,
తొక్కు సీసా పక్కన బట్టల్ల చుట్టి
జగిత్యాల మెడికల్ షాపు గోలీలు:
జ్వరానివి రెండు పట్టీలు, నడుము నొప్పివి ఒకటి.
అదే మేం కట్టే కిస్తు.
తీసుకున్నోడి పేరు ఎవరూ రాయరు.
ఏ గోలీ ఏ నెలకు పాడైతదో
మూత లోపల బాల్‌పెన్నుతోని రాసి పెడుత,
అంతే లెక్క.

మొన్న ఐతారం నాడు ఒక పిలగాడొచ్చిండు,
టై కట్టుకొని, రంగుల కాగితాలు పట్టుకొని.
కాకినాడ దిక్కట.
"ఇన్సూరెన్సంటే మీకెందుకండీ ఇంత నిర్లక్ష్యం?"
అని నవ్వుకుంటనే అడిగిండు.
చాయ్ పోసినం.
జవాబు ఎవరూ చెప్పలేదు.

లింబాద్రి ఏం చెప్తడు?
వీసా చచ్చిపోయి పదహారు నెలలు,
ఖల్లివెల్లి మనిషి.
దవాఖాన కిటికీ కాడ ముందుగాల
యాడ నొప్పని అడగరు, కాగితమేదని అడుగుతరు.
బయట బండి ఆగిన చప్పుడైతే చాలు,
వాడు చెప్పులు మంచం కిందికి నెడతడు,
ఎవరన్నా వచ్చి జతలు లెక్కపెడతరేమోనని.

ఫకీరప్పకు కార్డు ఉన్నదట.
జీతం చిట్టీల నెలనెలా కోత కనబడుతది,
కార్డు కనబడది.
"మేనేజరు డ్రాయర్లో ఉండాదిలేప్పా, యాడికి పోతాది"
అంటడు, దేవుని గురించి చెప్పినట్టు.

ఆశన్న చేతిలనే ఉన్నది కార్డు.
అది చెల్లే క్లినిక్ ఉమ్మల్ కువైన్ అవతల.
టాక్సీకి నలభై, మన వాటా ఇరవై ఐదు,
ఆ పూట హాజరు పోతే ఎనభై.
"పన్ను నొప్పి నూటనలభై దాటినప్పుడు చెప్త" అన్నడు.
మూడు రాత్రులు చెంపకు మంచుముక్క.
నాలుగో రాత్రి బాత్రూములకు కటింగ్ ప్లయర్ పట్టుకపోయి
గొళ్ళెం పెట్టుకున్నడు.
మేం టీవీ చప్పుడు పెంచినం.

ఇగ నేను.
నా కార్డు నా పర్సులనే ఉన్నది, అట్ట మెరుపు పోలేదు,
బిడ్డ ఫోటో ఎనుక, ఒక్కసారి కూడ బయటికి తియ్యలేదు.
దగ్గు మొదలై ఉగాదికి ఆరు నెలలు.
పై రూము రాజనర్సు గట్లనే
వీసా రెన్యువల్‌కని ఎక్స్‌రే మిషను ముందు నిలబడ్డడు.
ఎప్పటిదో, మానిపోయిన మచ్చ.
చిన్నప్పటిది సార్, సంటి పిలగాడప్పటిదని మొత్తుకున్నడు.
ఫిలింకు తెలుగు రాదు.
నాలుగో రోజు మూతికి మాస్కు కట్టి విమానం ఎక్కించిన్రు.
మూడు లక్షల అప్పు ఆయనకంటే ముందే ఇంటి కాడ కూసున్నది.

ఆ పిలగానికి ఇదెట్ల చెప్పాలె?
నా దగ్గు నాకు తెలుసు, రూముకు తెలుసు.
కార్డు తీస్తే కంప్యూటరుకు తెలుస్తది.

రాత్రి దగ్గొస్తే దిండు కొరుక్కుంట.
ఎనిమిది మంది నిద్రపోయినట్టు పడుకుంటరు,
గురకలు కూడ ఆగిపోతయి.

నిన్న తెల్లారి డబ్బా మూత సరిగ పట్టలేదు.
లోపల సిరప్ సీసా నిలబెట్టి ఉన్నది,
సీలు తియ్యనిది.
ఊరిది కాదు. మెయిన్ రోడ్డు అవతలి ఫార్మసీ స్టిక్కరు,
ఇరవై ఎనిమిది దిర్హములు.
ఆ రోడ్డు మీద రెండు కెమెరాలు, మూల మీద ఒక పోలీసు బండి
ఎప్పుడూ ఉంటయి.

ఎవరినీ అడగలేదు.
ఊడ్వడానికి వంగినప్పుడు చూసిన,
లింబాద్రి మంచం కింద చెప్పులు,
అంచులకు తడి ఇసుక.
చీపురు అక్కడిదాకా పోనియ్యలేదు.