సిలబస్‌లో లేని చివరి పుట

పన్నెండు పుస్తకాల కావ్యంలో
మాకు పెట్టింది రెండే, మొదటిదీ తొమ్మిదోదీ.
అనంతపురంలో, ఫ్యాను తిరగని గదిలో
గౌస్ మొహిద్దీన్ సారు పైకి చదువుతా ఉంటే
ఒక్కో వాక్యం పదహారు పంక్తులు పోతాది.
క్రియ దొరికేలోపల
నేను కర్తను పోగొట్టుకుంటా.

అంచుల్లో పెన్సిల్‌తో తెలుగు రాసుకుంటా:
గర్వం. పతనం. అవిధేయత.
ఆ చివరి మాట సలోమి ఇచ్చింది.
వాళ్ళవ్వ పాత బైబిల్లోనిది.
ఆమెకు ఈ కథ పాలపళ్ళప్పుడే వచ్చు.
నాకు మాత్రం సారు తోట అనగానే
నార్పల పక్కన మా నాలుగెకరాలు.

నాలుగొందల చిల్లర చీనీ చెట్లు.
పూతకొచ్చినప్పుడు రాత్రి మంచం మీద
నిద్రకు బదులు వాసన పట్టేది.
నాయన ఒక్కో పాదులో చెయ్యి పెట్టి చూసేవాడు,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.
మొదటి బోరు రెండొందల అడుగులు.
ఐదోది తొమ్మిదొందలు పోయి
తెల్లటి దుమ్ము కక్కింది.
రెండేండ్లు ట్యాంకర్లతో ఊపిరి పోసి
మూడో ఏడు రంపం మిషనోనికి ఫోన్ చేసినాడు.
కట్టె టన్నుల లెక్కన ఇటుక బట్టీకి పోయింది.
మండే కత్తి పట్టుకొని ఏ దూతా రాలేదు,
బ్యాంకు నుంచి ఒక కవరొచ్చింది.
పామంటారా,
డ్రిప్పు పైపులు ఇంకా ఆడనే
నల్లగా చుట్టలు చుట్టుకొని పడున్నాయి.

అందుకే క్లాసులో లేచి అడిగినా:
"వాళ్ళు పండు తిన్నారు, శిక్ష పడింది, సరే సార్.
మేమేం తిన్నాం?"
సారు పుస్తకంలో వేలు పెట్టి మూసినాడు.
"పరీక్షలో రాదు గానీ మంచి ప్రశ్న" అన్నాడు.
మళ్ళీ వేలు తీసి, అదే పంక్తి నుంచి.

బస్టాండు దారిలో సలోమి అనింది:
"మాయమ్మ మీ తోటలో కాయ తెంపింది, తొమ్మిదేండ్లు.
గంపకింతని కూలి.
పొద్దు మునిగినాక మీ జేజి
గేటు కాడ అందరి కొంగులూ విప్పించి చూసేది,
రాలిన కాయ ఏమన్నా దాచినారేమోనని.
తోట పోయిందని నువ్వు ఏడుస్తావు ఓబులేసూ,
పోవాలంటే ముందు ఉండాల గదా."

కోపంగా ఏం అనలేదు.
రసం బండి కాడ ఆగి రెండు చీనీ గ్లాసులు చెప్పింది.
ఐసు లేకుండా.
నేను జేబులో వెతుక్కునేలోపల
డబ్బులు తనే ఇచ్చేసింది.
గింజ ఒకటి పంటి కింద పడి
ఊరిదాకా చేదు.

ఆ రాత్రి పన్నెండో పుస్తకం తీసినా,
సిలబస్‌లో లేనిది.
నిఘంటువు ఒళ్ళో పెట్టుకొని
రెండు గంటలకు చివరి పుటకు చేరినా.
ఇద్దరూ బయటికి నడుస్తారు.
ముందు లోకమంతా ఉంటాది.
గేటు కాడ
ఎవరు ఎవరి కొంగు విప్పి చూసినారో
కవి రాయలేదు.
లేదంటే నాకు ఇంగ్లీషు చాలలేదు.

అంచులో పెన్సిల్‌తో
ఒక్క ముక్క రాసి పడుకున్నా:
రేపు సలోమిని అడగాల.