ఓడ ఎటు పోయింది

ఇజ్మీర్‌లో గురువారం సాయంత్రాలు
బెద్రి గడియారాల కొట్లో
ఏ రెండు గడియారాలూ ఒకే టైము చెప్పవు.
మేం నలుగురమూ అంతే.

నిన్న కొత్త 'ఓడ సినిమా' చూసొచ్చాం,
మాల్‌లో, మూడో అంతస్తులో,
ఏసీ చలికి మోకాళ్ల మీద కోట్లు కప్పుకుని.
ఇక ఇవాళ చూడాలి,
టీ చల్లారిపోతున్నా ఎవరూ గ్లాసు ముట్టలేదు.

"రంగులెందుకయ్యా దానికి?" అంటుంది నెబాహత్.
"ఆవిడ గౌను ఏ రంగో
యాభై ఏళ్ల కిందట నేనే నిర్ణయించాను.
ఆకాశనీలం.
వీళ్లు వంకాయరంగు తొడిగారు.
నన్నొక్క మాట అడిగారా?"

రిఫ్కీకి సంగీతం మీద కోపం.
"పాతదాంట్లో ఉత్తరం చదివేటప్పుడు
ఒక్క వాయిద్యం మోగదు.
కుళాయి చుక్క. అంతే.
ఇప్పుడో, ముప్పై వయొలిన్లు వచ్చి
ఏడవండి, ఏడవండి అని వీపు తడుతున్నాయి.
అరటిపండు ఒలిచి నోట్లో పెడితే
మనకింక పళ్లెందుకు?"
ఆయనవి కట్టుడు పళ్లు.
ఆ ఊసు ఎవరం ఎత్తలేదు.

బెద్రి మనవరాలు ఇల్గిన్ ఫోన్లోంచి తలెత్తి
"నాకు నచ్చింది" అంది.
గడియారాలన్నీ ఒక్కసారి గతుక్కుమన్నాయి.
"మీ పాతదీ చూశాను తాతా.
దాంట్లో వాడు ఆమెని చెంపమీద కొడతాడు.
హాలంతా చప్పట్లు కొట్టి ఉంటుంది.
దీంట్లో కొట్టడు. తలుపు తీసి పట్టుకుంటాడు."
బెద్రి కంటి భూతద్దం తీసి
తుడిచి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.
చప్పట్లు కొట్టారు.
నాకు వినబడింది.

అందరూ ఒక్కటైంది ఒక్క చోటే:
చివర్లో ఆ ఓడ.
"కుడికి కదా పోవాలి, దీపస్తంభం వైపు!
ఎడమకి తోలేశారు!"
"సముద్రం ఎటుందో తెలియనివాడికి
కెమెరా ఎవడిచ్చాడు?"
ఇల్గిన్ కూడా ఒప్పుకుంది,
పాతదాంట్లో కుడికేనని.

నేను కరిగిపోయిన చక్కెరనే
ఇంకా కలుపుతున్నాను.

ఎండాకాలం. ఆరుబయట సినిమా.
రెండు గోడల మధ్య బిగించి కట్టిన తెల్లబట్ట.
నాకు పదేళ్లు.
బకెట్లో ఐసు, ఐసులో సోడాలు,
ఇంటర్వెల్‌లో అమ్మితే సీసాకింత.
ఆ కూలిలో కుర్చీ లేదు.
తెర వెనక ఖాళీ సీసాల పెట్టె మీద కూచునేవాణ్ణి.

నా వైపు నుంచి అందరూ ఎడంచేతివాళ్లే.
ఎడంచేత్తో ఉత్తరాలు రాసేవాళ్లు,
గుండె మీద చెయ్యేసుకుంటే
కుడివైపు వేసుకునేవాళ్లు.
పేర్లు పడేటప్పుడు అక్షరాలు వెనక్కి నడిచేవి.
చదవలేక నేను 'ఓడ సినిమా' అన్నాను,
వీధంతా అదే పేరు అంటుకుంది.
గాలి వీస్తే ఆమె ముఖం
నా మీదికి ఉబ్బి వచ్చేది.
తెరకి అవతల మూడొందలమంది
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ.
ఇవతల నేనూ, ఒక పిల్లీ.

మా ఇద్దరికీ ఓడ ఎడమకే పోయింది.
పదకొండు రాత్రులు.
పదకొండుసార్లూ ఎడమకే.

మొదటి జీతంతో టికెట్టు కొని
ముందు నుంచి చూశాను.
అందరూ కుడిచేతివాళ్లైపోయారు.
ఆమె పుట్టుమచ్చ ఇల్లు మారింది.
ఓడ కుడికి తిరగ్గానే లేచొచ్చేశాను,
లైట్లు వేసేదాకా ఆగలేదు.
నేను చూసిన మొదటి రీమేక్ అదే.

నిన్న మాల్‌లో
ఓడ ఎడమకి తిరిగినప్పుడు
నెబాహత్ ఛీ అంది,
రిఫ్కీ నాలుక చప్పరించాడు.
కోటు కింద నా పిడికిలి
చల్లగా, తడిగా ఉంది,
బకెట్లోంచి ఇప్పుడే తీసినట్టు.

"నువ్వేమంటావోయ్, సాబిత్?"

"తప్పే" అన్నాను. "కుడికే పోవాలి."

ఎడంచేత్తో గ్లాసెత్తి
చల్లారిన టీ తాగేశాను.