కుఠె అడ్లం

బుధవారం నాలుగో పీరియడ్‌ల
నా చాక్‌పీసు డబ్బ అల్మారల పెట్టి
తాళమేస్తరు పిల్లలు.
చెవి తలండి జైని దగ్గరుంటది.
నేనడిగినా ఇయ్యదు.

సిరొంచల మా అందరికీ ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ.
జైనికైతే ఇంట్ల మాడియా,
మిరపకాయ ఏరబోతె తెలుగు,
రెండూ దాటొస్తె గని మరాఠీ రాదు.

పుస్తకంల ప్రతి పాఠం అడుగున
స్వాధ్యాయ్ అని ఉంటది, పెద్దక్షరాల.
పద్నాలుగేండ్లు ఆ మాటకు నేను చెప్పిన అర్థం:
"జవాబులు బోర్డు మీద రాస్తున్న,
సప్పుడు చెయ్యకుండ దించుకోండ్రి."

ఈ యేడు వరండాల
కాలిపోయిన అర హెచ్‌పీ మోటరొకటి.
దుర్గం ఓదేలు దాని కడుపు విప్పిండు.
తీగ మందమెంతో కొలిచే సాధనం బడిల లేదు,
పెన్సిలుకు పది చుట్లు చుట్టి
స్కేలు పెట్టి, పదితోని భాగించిండు.
లెక్కల పీరియడ్‌ల ఏనాడూ చెయ్యెత్తని పోరడు.

పాత చుట్లు లెక్కపెడుతుంటె
మూడొందల పన్నెండు కాడ ఎవరో తుమ్మిన్రు.
మళ్ల మొదటికి.
ఈసారి పది చుట్లకో చింతగింజ
జేబులేసుకున్నడు.

వాళ్ల నాయినకు బస్టాండు కాడ మోటర్ల కొట్టు.
గేటు కాడ నిలవడి అడిగిండు:
"సారూ, మిస్త్రీ పనికి బడెందుకు?
నా దగ్గర నేర్చుకోడా?"
నా దగ్గర జవాబు లేకుండె.
ఓదేలు తలెత్తకనే అన్నడు:
"నీ కొట్టుల నేను పానలందిస్త నాయినా.
ఎన్నడన్న విప్పనిచ్చినవా?"

ఆయన చాలాసేపు నిలవడ్డడు.
ఏమనకుండ పోయిండు.

ఐదో బుధవారం స్విచ్చేసిన్రు.
మోటరు మూల్గింది.
తిరగలే.
ముప్పై నాలుగు మొకాలు నా దిక్కు తిరిగినయ్.
నాకు తెల్సు, కొసలు రెండు తారుమారైనయ్.
మాట నాలిక మీదికొచ్చింది.
జైని చెవి గలగలలాడించింది.

మార్కుల్లేని కాయితం మీద
ఒక్కటే గడి పెట్టిన నేను: "కుఠె అడ్లం?"
ఎక్కడ ఆగిపోయిందని మరాఠీ.
తెలుగు పిల్లలు దాన్ని
అడ్డం అని చదువుకున్నరు.
దిద్దబోయి ఊకున్న.

ఓదేలు రాసిండు, సగం ఆ బాస సగం ఈ బాస:
"గుంగుం అంటున్నది. తిరుగుతలేదు.
కొసలు మీద అనుమానం.
గింజలు ఇంకున్నయ్. వచ్చే బుధవారం."

గంట కొట్టినంక
నా టేబులు మీద కూడ ఒక కాయితం పెట్టి పోయిన్రు.
అదే గడి.
పెన్ను తీసి రాసిన:
రెండుంబావుకు,
నోటి కాడ.

రాసి చూస్తె చిన్నగనిపించింది.
కొట్టెయ్యలే.

బయట ప్రాణహిత మీది గాలికి
విప్పిన రాగితీగ
వరండ పొడుగూత దొర్లుతున్నది,
జైని ఉరుకుతున్నది దాని ఎంట,
చెవి చేతులనే ఉన్నది.