నీడ ధర

ఓడలరేవు సరుగుడు తోపు.
ముప్పై ముక్కలు, ఐదేళ్ల కోత.
ఏ ఏడు ఏది నరకాలో
లాప్‌టాప్ రాత్రంతా లెక్కగట్టింది:
టన్నులు పెరగాలి, లారీలు తగ్గాలి,
పక్కపక్క ముక్కలు ఒకే ఏడు బోడి కాకూడదు.

సముద్రం వైపు నాలుగు వరుసలు
ముట్టొద్దన్న షరతు మాత్రం నాది.
అది ఎత్తేస్తే మిగిలే డబ్బుని
మా శాస్త్రం నీడ ధర అంటుంది.
ఎకరాకి లక్షా పదకొండు వేలు.

తుక్కు ఊడుస్తున్న సంగాని వీరవేణి
చీపురాపి నవ్వింది.
"నీడకీ దర కట్టేరా అయ్యగోరూ?
తొంభయ్యారు గాలివానకి
మా ఇంటి రేకులు ఈటి కొమ్మల్లోనే దొరికేయి.
సముద్రంలోకి పోకండా.
దానికెంతేసేరు?"

ఆ గడి లేదు నా పట్టికలో.

నాలుగుని ఐదు చేసి మళ్ళీ నడిపాను.
లాభం తగ్గింది.
తెర మాత్రం ఇందాకటిలాగే
"ఉత్తమ ఫలితం" అంది.