ఇరవైనాలుగు ఆమడలు

తరమణిలో తొమ్మిదో అంతస్తు. రాత్రి రెండున్నర.
నా తెర మీద రెండు చుక్కలు.
పై చుక్క ఒక దీవి. కింది చుక్క
గులకరాళ్లు పరిచిన రన్‌వే, ఒక రేకుల గది, గాలికి ఉబ్బే సంచి.
వాటి పేర్లకు నాకు నోరు తిరగదు.
నాలుగేసి అక్షరాల గుర్తులతోనే పిలుస్తాను,
పక్కింటి పిల్లల్ని ముద్దుపేర్లతో పిలిచినట్టు.

మధ్య దూరం మూడువందల పన్నెండు కిలోమీటర్లు.
పోవడానికి యాభైరెండు నిమిషాలు,
రావడానికి అరవైఎనిమిది.
"దూరం ఒకటే కదే" అంది మా జేజి
వ్యాసర్పాడి ఇంట్లో వెల్లుల్లి ఒలుస్తూ.
గాలి ఎదురొస్తుంది జేజీ, అన్నాను.
కిలోమీటర్లు ఆమెకు ఆనవు.
ఆమడల్లోకి మార్చి చెప్పాను: ఇరవైనాలుగు.
"అంత దూరమా! నడిమధ్యన ఊరే లేదా?
దప్పికైతే ఎవర్ని అడిగేది?"
ఆ గడి నా పట్టికలో లేదు.

వారానికి రెండే సర్వీసులు. తొమ్మిది సీట్లు.
ఆ మంగళవారం సరుకు జాబితాలో
కోడిగుడ్లు, బ్యాటరీలు, ఒక కుట్టుమిషను పెడలు.
ప్రయాణికులు ఒకరు. స్త్రీ.
సామాను పదకొండు కిలోలు.

యాభైరెండో నిమిషానికి దీవి మీదికి చేరారు.
కింద పొగమంచు.
రెండు చుట్లు తిరిగి, ఇంకొకటి తిరిగి,
విమానం వచ్చిన దారి పట్టింది.

నమోదు చెయ్యాల్సింది నేను.
బయలుదేరిన చోటు, దిగిన చోటు:
రెండు గడుల్లోనూ అవే నాలుగక్షరాలు.
మీట నొక్కగానే యంత్రం లెక్క కట్టింది.
దూరం సున్నా.
సమయం రెండు గంటల పదకొండు నిమిషాలు.

తప్పేమో అని జ్ఞానశేఖరన్‌ని పిలిచాను.
వంగి చూశాడు. కరెక్టే అన్నాడు,
టీకి వస్తావా అన్నాడు.
నేను సున్నా ముందే కూర్చున్నాను.
మంచు చిరిగిన చోట ఆమెకు
ఒక కప్పు అంచు కనిపించి ఉంటుందా?
ఆరేసిన గుడ్డలో, ఎవరో పైకెత్తిన చెయ్యో?
కూతవేటు దూరమే గదా అప్పుడు,
కూత మాత్రం అద్దం దాటదు.

నేనింతవరకూ విమానం ఎక్కి ఎరగను.
మొన్నటి వానలకు గణేశపురం సబ్‌వేలో నడుములోతు నీళ్లు.
బస్సు దాని మొగదాకా పోయి, గంటసేపు ఉరుమి,
మమ్మల్ని ఎక్కిన స్టాపులోనే దింపింది.
ఆడవాళ్లకిచ్చే ఉచిత టిక్కెట్టు నా చేతిలో మెత్తబడింది.
దాని మీదా ఒక సున్నా.
పారెయ్యలేదు. ఎందుకో ఫోను కవరులో పెట్టుకున్నాను.

శుక్రవారం ఆకాశం తేటగా ఉంది.
విమానం యాభై నిమిషాలకే దిగింది.
గుడ్లు చేరాయి, పెడలు చేరింది.
ప్రయాణికులు: లేరు.
తరువాతి మంగళవారం ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లు.
ఆ తరువాతా వెతికాను.
వెతకడం నా పని కాదు,
జీతంలో అది లేదు.

పొద్దున ఇంటికొస్తే జేజి రోజూ ఒకటే అడుగుతుంది:
"ఆ పిల్ల చేరిందా?"
ఇంకా లేదు జేజీ.
"ఎదురుగాలేమోలే" అంటుంది,
చేటలో పొట్టు ఊదేస్తూ.